బాపు చూపించిన వర్లీ సముద్రం

మా బాపుకు ఒక పట్టు ఉండేది. ఊరి నుంచి బొంబాయికి ఎవరు వచ్చినా సరే, సముద్రం చూపించకుండా తిరుగు బండి ఎక్కించేవాడు కాదు. పని కోసం వచ్చినవాళ్లను, పెండ్లి బట్టలు కొనడానికి వచ్చినవాళ్లను, దవాఖానకు వచ్చినవాళ్లను, అందరినీ వర్లీ ఒడ్డుకు నడిపించుకుపోయేవాడు. "ఇంత దూరం వచ్చి సముద్రం చూడకుండ పోతరా? మళ్ల వస్తరో రారో" అనేవాడు. ఆ రెండో మాట మాత్రం దవాఖానకు వచ్చినవాళ్ల ముందు అనేవాడు కాదు.

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. మగ్గాల ఇల్లు. బాపు 1958లో, పద్దెనిమిదేండ్ల వయసులో బొంబాయి వచ్చాడు. నిజామాబాదు దాకా బస్సు, అక్కణ్ణుంచి మీటరుగేజీ బండిలో మన్మాడు, మన్మాడులో పెద్ద బండి మారి బొంబాయి. ఈ పత్రిక చదివే ఇండ్లలో తాతలో తండ్రులో చాలామంది ఈ దారినే వచ్చి ఉంటారు. చేతిలో ఒక రేకు డబ్బా, జేబులో వరుసకు మేనమామ అయ్యే మనిషి చిరునామా, అంతే.

మొదటి రోజు మిల్లు గేటు దగ్గర బదిలీ దొరకలేదు. రెండో రోజూ లేదు. మేనమామ ఖోలీకి పోయి ముఖం చూపించలేక, గాలి వచ్చే దిక్కు నడుచుకుంటూ పోతే రోడ్డు సముద్రం దగ్గర తేలిందట. "మన చెరువుకు అవతలి గట్టు కనపడ్తది. దీనికి గట్టే లేదు. అది చూడంగనే నా భయం పోయింది. ఎందుకు పోయిందో నాకు ఇప్పటికీ తెల్వదు" అని మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. మూడో రోజు బదిలీ దొరికింది. తర్వాత నాలుగేండ్లకు పర్మినెంటు అయ్యాడు. లోయర్ పరేల్‌లో ఒక మిల్లు, సాంచెల ఖాతా.

సాంచెల ఖాతాలో పనిచేసిన ఇంటివాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. పక్క మనిషి మాట పెదాలు చూసి తెలుసుకోవాలి. నలభై ఏండ్లకే బాపుకు చెవులు సగం పోయాయి. ఇంట్లో మేము గట్టిగా అరిచి చెప్పాలి. కాని సముద్రం చప్పుడు మాత్రం మంచిగా వినపడుతుంది అనేవాడు. నిజమో, ఊరికే అనేవాడో మాకు తెలియదు.

మేము ఉన్నది వర్లీ బి.డి.డి. చాళ్లలో. అవి ఇంగ్లీషోళ్ల కాలంలో, 1920ల్లో కట్టినవి. వర్లీలోనే 121 చాళ్లు. ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు. అందులో అవ్వ, బాపు, నాయనమ్మ, అక్క, నేను, తమ్ముడు. ఇది కాక ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఊరివాళ్లు. మగవాళ్లు గ్యాలరీలో పడుకునేవాళ్లు. ఆడవాళ్లు లోపల. పండుకున్న మనుషుల మధ్య నుంచి కాలు పెట్టుకుంటూ పోయి పొద్దున నీళ్లు పట్టుకోవడం అవ్వకు అలవాటైపోయింది.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది రోగులే. పరేల్‌లో టాటా దవాఖాన ఉంది, కె.ఇ.ఎం. ఉంది. టాటా దవాఖాన 1941 నుంచి, కె.ఇ.ఎం. 1926 నుంచి నడుస్తున్నాయి. కాన్సరు అనగానే మన జిల్లాల్లో బొంబాయి పేరే చెప్పేవాళ్లు. చెప్పడం సులువు. వచ్చిన మనిషికి మరాఠీ రాదు, హిందీ రాదు, కేసు పేపరు ఏ కిటికీలో తీస్తారో తెలియదు. ఇప్పటికీ టాటా ఎదుటి ఫుట్‌పాత్ మీద చాపలు పరుచుకుని పడుకున్న రోగులను చూడొచ్చు. అందులో ఏదో ఒక మూల తెలుగు మాట వినపడుతుంది.

బాపు రాత్రిపాళీ దిగి, తలలో దూది పోగులు దులుపుకోకుండానే పోయి కేసు పేపరు లైన్లో నిలబడేవాడు. డాక్టరు చెప్పింది తనకు వచ్చిన మరాఠీలో విని, తెలుగులో రోగికి చెప్పేవాడు. చెప్పకూడనిది ఉంటే చెప్పేవాడు కాదు. ఆపరేషన్‌కు రక్తం కావాలంటే, ఇచ్చే మనుషులను మనమే తెచ్చుకోవాలి. దానికి బాపు దగ్గర ఒక చిన్న బుక్కు ఉండేది. సాంచెల ఖాతాలో ఎవరిది ఏ రక్తం, ఎవరు ఎప్పుడు ఇచ్చారు, మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చు, అన్నీ పెన్సిలుతో రాసి పెట్టేవాడు. అందులో మనవాళ్లూ ఉన్నారు, కొంకణం వాళ్లూ ఉన్నారు, ఉత్తరప్రదేశ్ వాళ్లూ ఉన్నారు. రక్తానికి భాష ఏముంది?

దవాఖాన పని అయిపోయి ఊరికి పోయే ముందు సముద్రం. బాగైనవాళ్లకూ అదే, బాగుకానివాళ్లకూ అదే.

ఐతే సముద్రం చూపించడానికి ఒక లెక్క ఉంది. అది బాపుకు నేర్పింది వర్లీ కోళీవాడలో ఉండే ఒక పడవ మనిషి. ఆయనకు తెలుగు రాదు, బాపు మరాఠీ అంతంతే. ఎండు బొంబిల్ కొనే దగ్గర మొదలైన దోస్తీ. వర్లీ ఒడ్డున ఇసుక తక్కువ, రాళ్లు ఎక్కువ. పాటు వేళ పోతే నీళ్లు వెనక్కి పోయి నల్ల రాళ్లు, బురద, చెడ్డ వాసన. ఊరి నుంచి వచ్చిన మనిషి "ఇదేనా సముద్రం?" అంటాడు. పోటు వేళ పోతే అదే నీళ్లు కట్టకు వచ్చి కొడతాయి. వానకాలంలో ఐతే కట్ట దాటి రోడ్డు మీది మనుషులను తడిపేస్తాయి.

పోటు ఎప్పుడో తెలియాలంటే గడియారం చాలదు, తిథి కావాలి. తిథి ఎన్నోదో చూసి, దాన్ని ముప్పావుతో హెచ్చవేయాలి. అది పోటు నిండే గంట. అష్టమి ఐతే ఎనిమిది ముప్పావులు ఆరు, అంటే ఆరు గంటలకు. ఏకాదశి ఐతే ఎనిమిదుంబావు. పున్నమికీ అమావాస్యకూ పదకొండుంబావు దాటి పన్నెండు దరిదాపుల్లో. పొద్దున ఒకసారి, మళ్లీ పన్నెండున్నర గంటల తర్వాత ఇంకోసారి. రోజురోజుకూ ముప్పావు గంట పైన వెనక్కి జరుగుతుంది. ఇది బొంబాయి ఒడ్డుకు పనిచేసే లెక్క. కోళీవాళ్లు దీన్ని భర్తీ, ఓహోటీ అంటారు. బాపు కూడా అట్లే అనేవాడు. మా ఇంట్లో కాలెండరు పండుగల కోసం కాదు, భర్తీ కోసం చూసేవాళ్లం.

మన పద్మశాలీలకు శ్రావణ పున్నమి అంటే నూలు పున్నమి. మార్కండేయుణ్ణి కొలిచి జంధ్యం మార్చుకునే రోజు. అదే రోజు కోళీలకు నారళీ పున్నమి. సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి, వానకాలంలో ఆపిన వేట మళ్లీ మొదలుపెడతారు. బాపు పొద్దున జంధ్యం మార్చుకుని, పగటికి కోళీవాడకు పోయేవాడు. ఒక చేతిలో కొబ్బరికాయ, ఇంకో చేతిలో నా వేలు. "మనకు నూలు, వాళ్లకు నీళ్లు. రెండిట్లనూ మొక్కంది బువ్వ దొరకది" అనేవాడు.

ఇంతవరకు రాసింది చదివితే మా బాపు దేవుడని అనుకుంటారు. ఇక ముందుది కూడా చెప్పాలి.

1982 జనవరి 18న సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వం, సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు. రెండు నెలలు అనుకున్నది ఏడాది దాటింది. ఆ సమ్మె ముగిసిందని ఇప్పటికీ ఎవరూ అధికారికంగా చెప్పలేదు. చాళ్లలో సగం మంది ఊళ్లకు పోయారు. మేము పోలేదు. ఊళ్లో మగ్గం కూడా లేదు అప్పటికి. అవ్వ, నాయనమ్మ బీడీలు చుట్టారు.

ఆ ఏడు ఎండాకాలంలో, మా పక్క ఊరి నుంచి ఒక ఆమె గొంతులో గడ్డతో వచ్చింది. వెంట పదేండ్ల కొడుకు. మొగుడు లేడు. మందులకు, ప్రయాణాలకు, తిండికి కలిపి ఎనిమిది వందలు తక్కువ పడ్డాయి. బాపు వడ్డీకి తెచ్చాడు. పగారు లేని ఇంట్లో, నెలకు నూటికి ఐదు వడ్డీ. అవ్వకు చెప్పలేదు.

జూన్‌లో బడులు తెరిచారు. అక్కకు పదో తరగతి. ఏడో తరగతి దాకా మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివి, మరాఠీ హైస్కూల్లో చేరి, మొదట ఏడ్చి ఏడ్చి, తర్వాత తరగతిలో మూడో నంబరు తెచ్చుకున్న పిల్ల. ఫీజు, పుస్తకాలు, యూనిఫారం. పైసలు లేవు. వడ్డీవాడు గ్యాలరీలో నిలబడి అరిచిన రోజే అవ్వకు సంగతి తెలిసింది. అక్క బడి ఆగింది. బీడీల చాట ముందు మూడో మనిషిగా కూర్చుంది. తర్వాత పెండ్లి.

బాపును మళ్లీ మిల్లులోకి తీసుకోలేదు. భివండీ పోయి పవర్‌లూములు నడిపాడు. వారానికి ఒకసారి ఇంటికి వచ్చేవాడు. వచ్చిన రోజు ముందు సముద్రానికి పోయి, తర్వాత ఇంటికి వచ్చేవాడు. అక్క చదువు మాట నేను ఎన్నడూ ఆయనతో ఎత్తలేదు. కాని లోపల పెట్టుకున్నాను. ఊరంతటికీ మంచివాడు, ఇంటికి కాదు అనుకున్నాను. 2003లో పోయాడు. పెద్దలు చెప్పినట్టు అస్థికలు సగం ధర్మపురిలో గోదావరిలో కలిపాం. సగం ఇక్కడ సముద్రంలో. ధర్మపురిలో కలిపినవి కూడా చివరికి సముద్రానికే పోతాయి కదా అని తమ్ముడు అన్నాడు. ఏడుపులో కూడా అందరికీ కొంచెం నవ్వు వచ్చింది.

పోయిన శ్రావణంలో నాకు ఒక ఫోను వచ్చింది. చాళ్ల దగ్గర కిరాణా దుకాణం ఆయన. "ఎవరో నీ బాప్ పేరు అడుగుతున్నాడు, ఇక్కడ చాల్ లేదని చెప్పినా పోతలేడు" అన్నాడు. చాళ్లు కూలగొట్టి పెద్ద పెద్ద టవర్లు కడుతున్నారు కదా. 160 అడుగుల ఖోలీకి బదులు 500 అడుగుల ఇల్లు. మేము ట్రాన్సిట్ ఇంట్లో ఉన్నాం. పోయి చూస్తే, యాభై దాటిన మనిషి, భుజాన సంచి. సిరిసిల్లలో సాంచెలు నడుపుతాడట. బావమరిదిని టాటాకు తీసుకువచ్చాడు. చేతిలో ఒక పాత పోస్టుకార్డు, దాని మీద బాపు చేతిరాతతో మా పాత ఖోలీ నంబరు.

ఆయనే ఆ పదేండ్ల పిల్లగాడు.

ఇంటికి తీసుకువచ్చాను. అన్నం పెట్టాం. వాళ్లమ్మ ఆ తర్వాత తొమ్మిదేండ్లు బతికిందట. ఇద్దరు ఆడపిల్లల పెండ్లిళ్లు చేసిందట. "మా అమ్మ చచ్చేదాంక సముద్రం ముచ్చటే చెప్పేది. నీళ్లు లేచి లేచి వచ్చి నా కాళ్లు కడిగినయ్ అనేది. నేను పక్కనే ఉన్న, కాని నిద్రపోయినట్టున్న, యాదికి లేదు. ఆ జాగ ఒక్కసారి చూపిస్తవా అన్నా?" అన్నాడు.

గోడ మీది కాలెండరు చూశాను. మర్నాడు ఏకాదశి. పొద్దున ఎనిమిదుంబావు. నాకు తెలియకుండానే లెక్క కట్టేశాను. ప్రభాదేవిలో ఉన్న అక్కకు ఫోను చేశాను. తనూ వస్తానంది.

జాంబోరీ మైదానం నుంచి వర్లీ నాకా, అక్కణ్ణుంచి అనీ బెసెంట్ రోడ్డు దాటి పోద్దార్ ఆయుర్వేద దవాఖాన మీదుగా సముద్రం ఒడ్డు. తీరుబడిగా నడిస్తే అర్ధగంట. దారిలో మిల్లుల చిమ్నీలు లేవు. లోయర్ పరేల్ దిక్కు చూస్తే అన్నీ అద్దాల మేడలే. ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు మాల్, కమలా మిల్లు ఆవరణ ఇప్పుడు ఆఫీసులు, హోటళ్లు. ఒడ్డుకు చేరాక సముద్రం కూడా పాతది కాదు. 2009లో వచ్చిన బాంద్రా–వర్లీ సీలింక్ ఒక దిక్కు. 2024లో తెరిచిన కోస్టల్ రోడ్డు ఇంకో దిక్కు. మేము చిన్నప్పుడు కట్ట మీద కూర్చుంటే ఎదురుగా నీళ్లు తప్ప ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు చూపుకు అడ్డంగా కార్లు పోతున్నాయి. ఆ వంతెన స్తంభాల నడుమ పడవలు పోవడానికి చాలినంత జాగా లేదని కోళీలు ఏండ్ల తరబడి కొట్లాడి, ఆ దూరం 120 మీటర్లకు పెంచేలా చేసుకున్నారు. బాపు ఉంటే వాళ్లతో పోయి కూర్చునేవాడు.

అయినా భర్తీ భర్తీయే. కోళీవాడ దిక్కు కొంత దూరం పోయి నిలబడ్డాం. ఎనిమిది దాటాక నీళ్లు నిండాయి. ఒక పెద్ద అల కట్టను కొట్టి మా ముగ్గురినీ తడిపింది. ఆయన సంచి తడవకుండా పైకెత్తి పట్టుకుని, చిన్నపిల్లగాని లెక్క నవ్వాడు. తర్వాత చెప్పులు విడిచి, తడిసిన కట్టను ముట్టుకుని కండ్లకు అద్దుకున్నాడు.

ఆయనకు ఎనిమిది వందల సంగతి తెలియదు. అంతా దవాఖానవాళ్లే పెట్టుకున్నారని అనుకుంటున్నాడు. నా నోటి దాకా వచ్చింది. ఆ పైసలు ఇదిగో ఈమె పదో తరగతివి అని చెబుదామనుకున్నాను. పైసల కోసం కాదు. ఒక్కరికైనా తెలియాలని. అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది.

ఆయన్ను టాటా దగ్గర దింపి తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, ఎందుకు ఆపినావ్ అని.

"ఆయనకు చెప్తే ఏమైతది తమ్మీ? వాళ్లమ్మ మొఖాన్ని కూడ అప్పు లెక్క చూస్తడు ఇగ" అంది. కొంతసేపు ఊరుకుని మళ్లీ అంది. "నాకు కోపం లేదని కాదు. నా బడి బందైన దినం బాపు నన్ను కూడ సముద్రానికి తీస్కపోయిండు. నీకు తెల్వదు, నువ్వు ఇంట్ల లేవు. ఆ దినం అమాస. సాయంత్రం ఆరు. నీళ్లు లేకుండె. ఒట్టి రాళ్లే. బురద. బాపు ఒక్క మాట మాట్లాడలే. కట్ట మీద కూసుండి ఆ రాళ్లనే చూసిండు. చీకటి పడ్డంక లేచి వచ్చినం."

నేను నడిచేది ఆగిపోయాను.

ఎవరెవరికో తిథి చూసి, గంట చూసి, నీళ్లు నిండిన వేళకు నడిపించుకుపోయిన మనిషి. అమావాస్య సాయంత్రం ఆరుకు ఓహోటీ అని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ రోజు బాపుకు లెక్క యాదికి రాలేదు. లేకపోతే కన్న బిడ్డకు నిండు సముద్రం చూపించే ముఖం తనకు లేదనుకుని, కావాలనే ఆ వేళకు పోయాడా? ఇది అడగడానికి ఇప్పుడు మనిషి లేడు. కాని ఆయనకు మా గురించి పట్టలేదని ఇన్నేండ్లు అనుకున్నాను చూడండి, ఆ మాట ఆ రోజుతో నా నోటికి రావడం మానింది. అక్కకు చేసింది అన్యాయం కాదని మాత్రం ఇప్పటికీ అనను. రెండూ నిజమే.

నాలుగు రోజులకు పున్నమి. పొద్దున జంధ్యం మార్చుకుని, పదకొండు గంటలకు అక్క ఇంటికి పోయాను. "పా అక్కా" అన్నాను. ఎక్కడికని అడగలేదు. కొబ్బరికాయ తను కొన్నది. మేము పోయేసరికి కోళీవాడ అంతా పండుగ మీద ఉంది. పడవలకు రంగులు, జెండాలు. పన్నెండుకు దగ్గర పడ్డాక నీళ్లు కట్ట అంచుకు వచ్చాయి. అక్క కొబ్బరికాయ వదిలింది. అది మునిగి, తేలి, కొంత దూరం పోయి మళ్లీ మా దిక్కే వచ్చింది.

"ఏంది, తీస్కుంటలేదు?" అంది అక్క.

"తీస్కుంటది, ఆగు" అన్నాను.

చాలాసేపు నిలబడ్డాం. పాటు మొదలయ్యాక కొబ్బరికాయ మెల్లగా లోపలికి పోయింది.

బాపు రక్తం బుక్కు నా దగ్గరే ఉంది. అందులోని మనుషులు చాలామంది ఇప్పుడు లేరు. కొత్త పేజీలో ఎనిమిది పేర్లు రాశాను. మొదటిది నా కొడుకుది. సోలాపూరు నుంచైనా, భివండీ నుంచైనా, ఊరి నుంచైనా మనవాళ్లు ఎవరు పరేల్ దవాఖానలకు వచ్చినా వర్లీ నాకా దగ్గర మన తెలుగువాళ్లను అడిగితే నా దాకా కబురు వస్తుంది. కేసు పేపరు లైన్లో నిలబడతాను. పోయే ముందు ఒక పూట మిగుల్చుకుని రండి. ఏ గంటకు పోవాలో తిథి చూసి చెబుతాను.